బట్టను బట్టే ప్రింటు: హీట్ ప్రెస్‌తో నా అనుభవం

హీట్ ప్రెస్ పని, అంటే వేడి ప్లేటుతో నొక్కి బట్టల మీద, వస్తువుల మీద బొమ్మలు దింపే పని, మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ మిషన్ కొనమంటారు?" అని. "దేని మీద వేద్దామనుకుంటున్నారు?" అని నేను తిరిగి అడుగుతాను. నేను ఈ పనిలోకి దిగినప్పుడు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాను. కాటన్ టీషర్టులా, పాలిస్టర్ జెర్సీలా, గుడ్డ సంచులా, మగ్గులా? అది తేలాకే ఏ పద్ధతి, ఏ ఇంకు, ఎలాంటి మిషన్ అన్నవి వాటంతటవే తేలతాయి. మిషన్ ముందు కొనేసి, తర్వాత దానితో ఏం చేయొచ్చో వెతుక్కుంటే డబ్బు ఇరుక్కుపోతుంది.

మిషన్ చేసే పని నిజానికి చాలా చిన్నది. వేడి, ఒత్తిడి, సమయం, ఈ మూడింటినీ ఒకేలా, ఎన్నిసార్లు నొక్కినా మారకుండా ఇవ్వడం. ఇస్త్రీపెట్టెతో కూడా అతికించొచ్చు కానీ ఒక మూల వేడి ఎక్కువ, ఒక మూల తక్కువ అవుతుంది, చేతి ఒత్తిడి క్షణక్షణం మారుతుంది. అమ్మే సరుకుకు అది పనికిరాదు. ప్రెస్ ఈ మూడూ ఇస్తుంది. ఎంత ఇవ్వాలో మాత్రం బట్ట చెబుతుంది.

ఇంట్లో చేసుకోగల పద్ధతులు నాకు నాలుగు కనిపించాయి. బొమ్మను కాగితం మీద ప్రింటు చేసి బట్టకు అతికించే ట్రాన్స్‌ఫర్ పేపర్‌ను తొందరగానే పక్కన పెట్టాను. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌తో పని జరిగిపోతుంది, నిజమే. కానీ ప్రింటు చేతికి అట్టలా తగులుతుంది, ఉతికే కొద్దీ పగుళ్లిస్తుంది. మిగిలినవి మూడు: వినైల్, సబ్లిమేషన్, డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్).

వినైల్ అంటే వేడికి అతుక్కునే రంగు ప్లాస్టిక్ షీటును కటింగ్ ప్లాటర్‌తో డిజైన్ ఆకారంలో కోసి, అక్కర్లేని భాగాన్ని కొక్కెంతో పీకేసి, మిగిలినదాన్ని బట్టకు అతికించడం. పేర్లు, నంబర్లు, ఒకటి రెండు రంగుల లోగోలకు దీన్ని మించింది లేదు. కాటన్, పాలిస్టర్, రెండూ కలిసిన బట్ట, దేని మీదైనా నిలుస్తుంది. ఫొటోలు మాత్రం కుదరవు.

సబ్లిమేషన్ వేరే సంగతి. ఇందులో ప్రత్యేకమైన ఇంకుతో ముందు కాగితం మీద బొమ్మను ప్రింటు చేసి, దాన్ని బట్ట మీద పెట్టి నొక్కుతాం. ఇంకు బట్ట మీద కూర్చోదు, లోపలికి పోతుంది. దాదాపు 190 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగితం మీది గట్టి రంగు, కర్పూరంలా ద్రవం కాకుండానే నేరుగా ఆవిరై, వేడికి వదులైన పాలిస్టర్ పోగుల్లోకి దూరుతుంది. చల్లారాక పోగులు బిగుసుకుని రంగు అక్కడే ఉండిపోతుంది. అందుకే చేత్తో తడిమినా ప్రింటు తగలదు, పగుళ్లూ రావు. కానీ రెండు షరతులున్నాయి. బట్ట పాలిస్టర్ అయి ఉండాలి, లేదా వస్తువు మీద ప్లాస్టిక్ లాంటి పాలిమర్ పూత ఉండాలి. రంగు తెలుపు గానీ బాగా లేతగా గానీ ఉండాలి, ఎందుకంటే ఈ పద్ధతిలో తెల్ల ఇంకు ఉండదు. కాటన్ మీద వేస్తే మొదట్లో రంగు కనిపిస్తుంది, ఉతికితే పోతుంది.

డీటీఎఫ్‌లో ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులూ, వాటిపైన తెల్ల ఇంకూ ప్రింటు చేసి, తడి ఆరకముందే జిగురు పొడి చల్లి, దాన్ని వేడితో కరిగిస్తారు. అలా తయారైన ఫిల్మ్‌ను ప్రెస్‌లో పెడితే నల్ల కాటన్ మీద కూడా ఫొటోలాంటి బొమ్మ వచ్చేస్తుంది. ఈ ప్రింటర్ కొనాలని చాలామందికి ఉంటుంది. నేను కొనలేదు. తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైనది, కదపకపోతే అడుగున పేరుకుని, ఇంకు చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది. రోజూ ప్రింట్లు ఉంటేనే ఆ మిషన్ ఆరోగ్యంగా ఉంటుంది. ఆర్డర్లు అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే రోజుల్లో దాన్ని పోషించడం దండగ. ఒక పెద్ద షీటులో ఎన్ని బొమ్మలు పడితే అన్ని సర్ది బయట ప్రింటు చేయించుకుని, ప్రెస్ మాత్రం నేను వేసుకుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇప్పటికీ నేను గట్టిగా చెప్పేది ఇదే.

మిషన్ విషయానికొస్తే, పెట్టె మూతలా తెరుచుకునేవి కొన్ని, పై ప్లేటు పక్కకు తిరిగేవి కొన్ని. మూతలాంటివి తక్కువ చోటులో సరిపోతాయి, టీషర్టులకు బాగుంటాయి. కానీ కీలు వైపు ముందు మూసుకుంటుంది కాబట్టి మందమైన వస్తువుల మీద ఒత్తిడి సమంగా పడదు. పక్కకు తిరిగేది తిన్నగా కిందికి దిగుతుంది, పలకలకూ టైల్స్‌కూ అదే మంచిది. చేతుల మీద వేడి ప్లేటు వేలాడదు కాబట్టి బట్ట సర్దుకోవడం కూడా హాయి. నేను పక్కకు తిరిగేదే తీసుకున్నాను, 15 అంగుళాలకు 15 అంగుళాల ప్లేటుతో. పెద్దవాళ్ల టీషర్టు ముందు భాగానికి అది చాలు.

కరెంటు సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఈ సైజు ప్రెస్ సుమారు 1400 నుంచి 1800 వాట్లు లాగుతుంది. దాన్ని సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలిస్తే వైరు కాలుతుంది. నేను ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి దానికి విడిగా ఒక పవర్ పాయింట్ పెట్టించాకే మిషన్ పెట్టె విప్పాను.

విప్పగానే ప్రింటు వేయలేదు. ముందు ప్లేటును పరీక్షించాను. నాలుగు మూలలా నాలుగు కాగితం ముక్కలు పెట్టి, ప్రెస్ మూసి, ఒక్కొక్కటే లాగి చూశాను. నాలుగూ ఒకేలా బిగిసి ఉంటే ఒత్తిడి సమంగా ఉన్నట్టు. ఒక మూల కాగితం జారుకుంటూ వచ్చేసింది. కింది ప్లేటు బోల్టులు సరిచేస్తే కుదిరింది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వేడి చూశాను. డిస్‌ప్లే ఒక అంకె చూపిస్తే ప్లేటు మధ్యలో కాస్త తేడా, అంచుల్లో ఇంకాస్త తక్కువ. చాలా మిషన్లు ఇంతే. ఎక్కడ ఎంత తేడా ఉందో తెలిస్తే చాలు, డిజైన్‌ను మధ్యలో పడేలా పెట్టుకుని, అంకెను ఆ మేరకు పెంచుకోవచ్చు. ఈ థర్మామీటర్ మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది, నల్లటి టెఫ్లాన్ పూత మీద బాగానే పనిచేస్తుంది. ఇంకొకటి: షీట్లతో వచ్చే సూచనలు తరచూ ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 305 అని రాసి ఉంటే అది దాదాపు 150 సెల్సియస్. మిషన్ ఏ కొలతలో ఉందో చూడకుండా అంకె నొక్కితే బట్ట మాడుతుంది.

ఇక బ్లాంక్స్. అంటే ఏ ప్రింటూ లేని ప్లెయిన్ సరుకు. నా ఆలోచన అంతా ఎక్కువగా నడిచింది ఇక్కడే, ఇప్పటికీ నడుస్తున్నదీ ఇక్కడే. టీషర్టు బరువును జీఎస్‌ఎంలో చెబుతారు, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. 180 దగ్గర ఉన్న కాటన్ చేతికి నిండుగా ఉంటుంది, ప్రింటు బరువును మోస్తుంది. 140, 150 వి తేలిగ్గా హాయిగా ఉంటాయి కానీ పెద్ద డీటీఎఫ్ బొమ్మ పడితే ఛాతీ దగ్గర గట్టిపడి అక్కడ బట్ట సరిగా వాలదు. నూగు ఎక్కువ ఉన్న బట్ట మీద వినైల్ అంచులు తొందరగా లేస్తాయి. బయోవాష్ (ఎంజైములతో నూగు తీసేసే ఉతుకు) చేసిన నునుపు బట్ట కాస్త ఖరీదైనా ప్రింటు అంచు శుభ్రంగా కూర్చుంటుంది.

లేబుల్‌ను నేను నమ్మను. ఒకసారి వంద శాతం కాటన్ అని వచ్చిన లాట్‌లో లోపలి కుట్టు దగ్గర పోగు తీసి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చి చూశాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. ఇది కరిగి, చివర నల్లటి గట్టి పూసలా ముడుచుకుంది. అంటే పాలిస్టర్ కలిసింది. అమ్మినతనికి ఫోటో పంపితే లాట్ మార్చి ఇచ్చాడు. ఆ తేడా నాకు చిన్నది కాదు. కాటన్ అనుకుని ఎక్కువ వేడి పెడితే పాలిస్టర్ కలిసిన బట్ట మీద ప్లేటు ఆకారంలో మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ పోగు కాల్చి చూడడం అప్పటి నుంచీ అలవాటైంది.

మొదటి ప్రింట్లు వినైల్‌తోనే వేశాను. పాత బట్టల మీద. డిజైన్‌ను అద్దంలో చూసినట్టు తిప్పి కోయాలి, ఎందుకంటే వినైల్‌ను వెనక వైపు నుంచి కోస్తాం. బ్లేడు రంగు పొరను మాత్రమే కోయాలి, కింది పారదర్శక షీటు తెగకూడదు. అందుకే ప్రతి కొత్త రోల్‌కూ ఒక మూల చిన్న చతురస్రం కోసి, పీకి చూస్తాను. టీషర్టును ముందు ఖాళీగా ఐదు సెకన్లు నొక్కితే తేమ పోతుంది, ముడతలు పోతాయి. తర్వాత 150 డిగ్రీలు, 15 సెకన్లు, మధ్యస్థ ఒత్తిడి. కొన్ని వినైల్స్ వేడిగా ఉండగానే షీటు తీయాలి, కొన్ని పూర్తిగా చల్లారాక. ఇది రోల్ మీద రాసి ఉంటుంది, అంచనా వేసే విషయం కాదు. తీసేటప్పుడు అంచు లేస్తుంటే ఆపి, మళ్లీ కప్పి కొన్ని క్షణాలు నొక్కాలి. సరిగా అతికిన వినైల్‌లోంచి బట్ట నేత కొద్దిగా కనిపిస్తుంది. నేత కనిపించకుండా నున్నగా ప్లాస్టిక్‌లా ఉంటే ఒత్తిడి చాలలేదన్నమాట.

జిప్పులు, బొత్తాలు, మందపాటి కుట్లు ఉంటే ప్లేటు వాటి మీద ఆగిపోయి ప్రింటు దగ్గర ఒత్తిడి ఉండదు. ప్రింటు పడే చోటు కింద వేడికి తట్టుకునే మెత్తను పెట్టి ఎత్తు చేస్తే కుట్లు కిందికి జారిపోతాయి. అక్షరాలు వంకర పోకుండా ఉండటానికి టీషర్టును నిలువునా సగానికి మడిచి ప్రెస్‌తో తేలిగ్గా ఒక గీత పడేలా నొక్కుతాను. అదే నా మధ్య గీత. కాలర్ అంచు నుంచి సుమారు మూడు అంగుళాలు కిందికి డిజైన్ పై అంచు పెడితే పెద్దవాళ్ల సైజుల్లో బాగుంటుంది. పిల్లల సైజుల్లో అంత దించితే బొమ్మ పొట్ట మీదికి వస్తుంది.

సబ్లిమేషన్ నన్ను ఎక్కువ కట్టిపడేసింది. కాగితం మీద రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, చూస్తే టెన్షన్ వస్తుంది. ప్రెస్ తెరిచి కాగితం ఎత్తేసరికి ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా మెరుస్తాయి. ఆ క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఇది తేమను, దుమ్మును అసలు క్షమించని పద్ధతి. తెల్ల పాలిస్టర్ మీద కంటికి కనిపించని నూలు పోగు ఒకటి ఉన్నా, వేడి తగలగానే అక్కడ చిన్న నీలం చుక్క తేలుతుంది. అందుకే జిగురు రోలర్‌తో తుడవనిదే ప్రెస్ కిందికి పెట్టను. కాగితాన్ని గాలి తగలకుండా మూసి ఉంచుతాను, ఎందుకంటే తేమ పట్టిన కాగితం రంగును చెదరగొడుతుంది. 200 డిగ్రీల దగ్గర టీషర్టుకు 45 నుంచి 60 సెకన్లు. ప్రెస్ తెరిచే క్షణంలో కాగితం కొద్దిగా జరిగినా, ఇంకా ఆవిరవుతున్న రంగు పక్కన నీడలా పడుతుంది. వేడికి తట్టుకునే టేపుతో అంటించి, నిదానంగా తెరిచి, ఒక్కసారిగా తిన్నగా ఎత్తాలి. కాగితం అంచు గీతలా పడకుండా ఉండాలంటే కత్తెరతో కోయకుండా చేత్తో చింపిన అంచులు పెట్టడం మేలు. కింద ఒకటి, పైన ఒకటి పూత లేని కాగితం వేస్తాను. వాటిని ప్రతిసారీ మారుస్తాను. లేదంటే ఒక ఆర్డర్ రంగు ప్లేటుకు అంటుకుని తర్వాతి ఆర్డర్ మీదికి ఎక్కుతుంది.

మగ్గులకు విడిగా గుండ్రటి ప్రెస్ కావాలి. సబ్లిమేషన్ పూత ఉన్న మగ్గులే కొనాలి, మామూలు పింగాణీకి రంగు పట్టదు. పూత ఒకేలా లేకపోతే పిడి దగ్గర రంగు పల్చబడుతుంది, కాబట్టి కొత్త చోట నుంచి తెచ్చినప్పుడు రెండు మూడు మగ్గుల మీద నిండు నలుపు వేసి చూస్తాను. నలుపు గోధుమ రంగులోకి మారితే వేడో సమయమో ఎక్కువైంది, బూడిదగా ఉంటే చాలలేదు.

ఈ పనిలో నాకు దారి చూపింది స్క్రీన్ ప్రింటింగ్‌లో ఏళ్లు గడిపిన ఒక పెద్దాయన. నేను ఉత్సాహంగా మొదటి శాంపిళ్లు తీసుకెళ్లి చూపిస్తే ఆయన బొమ్మ వంక చూడలేదు. బట్టను అటూ ఇటూ సాగదీసి, "ఉతికావా అమ్మా?" అన్నారు. "ఇంకా లేదు బాబాయ్ గారూ" అన్నాను. "అయితే ఇది ఇంకా ప్రింటు కాలేదు. ముందు ఉతుకు, అమ్మడం తర్వాత చూద్దువుగాని" అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను చేసిన పరీక్షలే ఈ వ్యాపారానికి పునాది. ప్రతి కొత్త బట్ట, ప్రతి కొత్త వినైల్, ప్రతి కొత్త చోటి డీటీఎఫ్ ఫిల్మ్ కలిపి ఒక ముక్క తయారుచేస్తాను. ఒక రోజు ఆగి, ఆ తర్వాత వాషింగ్ మెషీన్‌లో వేస్తాను. ఒక ముక్కను ప్రింటు లోపలికి వచ్చేలా తిప్పి చల్లటి నీళ్లలో, ఇంకొక ముక్కను తిప్పకుండా వేడి నీళ్లలో. కొనేవాళ్లందరూ సూచనలు పాటించరు కాబట్టి రెండో ముక్కే నాకు ముఖ్యం. అంచు లేచిందా, మధ్యలో పగిలిందా, రంగు తగ్గిందా అని ఉతికిన ప్రతిసారీ చూసి పుస్తకంలో రాసుకుంటాను. అదే పుస్తకంలో బట్ట, వేడి, సెకన్లు, ఒత్తిడి, షీటు వేడిగా తీశానా చల్లగా తీశానా అన్నవీ ఉంటాయి. డీటీఎఫ్‌లో తేడా ఇక్కడే తెలిసింది: ఫిల్మ్ తీశాక పైన కాగితం వేసి మరో పది సెకన్లు నొక్కిన ముక్కలు, నొక్కని వాటికంటే స్పష్టంగా ఎక్కువ కాలం నిలిచాయి. మెరుపు తగ్గి చేతికి కూడా మెత్తగా తగిలాయి. రెండో నొక్కు లేకుండా ఇప్పుడు ఏ ఆర్డరూ బయటికి పంపను.

ఒక టీమ్ కుర్రాడు వచ్చి, "అక్కా, మా జెర్సీలు ఎర్రవి. నంబర్లు తెల్లగా కావాలి" అన్నాడు. అడగడానికి తేలికైన పని. కానీ పాలిస్టర్‌కు ఎరుపు వేసిన రంగు కూడా వేడికి ఆవిరయ్యే జాతిదే. పైన తెల్ల వినైల్ అతికిస్తే ఆ ఎరుపు నెమ్మదిగా దానిలోకి ఎక్కి గులాబీ రంగు తేలుతుంది. కొన్నిసార్లు ప్రెస్ నుంచి తీసినప్పుడు కాదు, రోజుల తర్వాత. అందుకే ఒక జెర్సీ అడిగి తీసుకుని మామూలు తెల్ల వినైల్‌నూ, వెనక రంగును అడ్డుకునే పొర ఉన్న వినైల్‌నూ పక్కపక్కన వేసి, కొన్నాళ్లు ఆగి చూపించాను. మామూలుది గులాబీ తిరిగింది. అడ్డుపొర ఉన్నది తెల్లగానే ఉంది. అది తక్కువ వేడికే అతుకుతుంది కూడా. ఖరీదు ఎక్కువని చెప్పినా, కళ్లారా చూశాడు కాబట్టి ఒప్పుకున్నాడు.

ధర కట్టేటప్పుడు టీషర్టు ఖరీదు, ఫిల్మ్ ఖరీదు మాత్రమే వేసుకుంటే ఏమీ మిగలదు. డిజైన్ సరిచేసే సమయం, వినైల్ పీకే సమయం, పాడయ్యే ముక్కలు, కరెంటు, కవర్లు, ఉతికి చూసిన శాంపిళ్లు అన్నీ అందులోకి రావాలి. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫోటోను పెద్దదిగా ప్రింటు చేయమంటే కుదరదని చెప్తాను. అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, బొమ్మ వెనక బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఉండాలి. కార్టూన్ బొమ్మలు, పెద్ద కంపెనీల లోగోలు, సినిమా పోస్టర్లు అనుమతి లేకుండా వేయను. "అందరూ వేస్తున్నారుగా" అంటారు. అవి వేరేవాళ్ల సొత్తు. నా డిజైన్‌ను ఎవరైనా అలా వేసుకుంటే నాకెంత బాధో వాళ్లకూ అంతే.

గదిలో కిటికీ తెరిచి, ఫ్యాను బయటికి పెట్టి పనిచేస్తాను, ముఖ్యంగా సబ్లిమేషన్ రోజుల్లో. పిల్లలు ఆ గదిలోకి రారు. ఆపేశాక కూడా ప్లేటు చాలాసేపు వేడిగానే ఉంటుంది.

ఇప్పుడు టోపీలు అడుగుతున్నారు. వంపు ప్లేటు ఉన్న చిన్న ప్రెస్ చూస్తున్నాను. ముందు భాగం గట్టిగా ఉన్న టోపీలూ, మెత్తటివీ కొన్ని తెప్పించాను. నుదురు కుట్టు మీదుగా వినైల్ ఎలా కూర్చుంటుందో, చెమటకు, ఉతుకుకు ఎంత నిలుస్తుందో చూశాకే ఆర్డర్లు తీసుకుంటానని అడిగినవాళ్లకు చెప్పాను.